సంతకం పెట్టకుండా ఉండే అధికారం

రాష్ట్రపతికి అధికారాలు లేవని బాధపడేవాళ్ళని చూస్తే జాలి కలుగుతుంది. అసలు ఈ దేశంలో అధికారాలున్నవాళ్ళ వల్ల ఎవరికి ఏం ఒరిగిందో వాళ్ళొకసారి గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాలి. కరెంటు తీసే అధికారం ఉన్నవాడు తీస్తున్నాడు. రేషను కార్డులోంచి పేరు కొట్టేసే అధికారం ఉన్నవాడు కొట్టేస్తున్నాడు. చెయ్యెత్తినా బస్సు ఆపకుండా పోయే అధికారం ఉన్నవాడు దుమ్ము లేపుకుంటూ పోతున్నాడు. ఏ అధికారమూ లేనివాడు ఇంతవరకూ ఎవరికైనా అపకారం చేశాడా?

కాబట్టి దేశానికి కావలసింది అధికారాలున్న మనుషులు కాదు, అధికారాలు లేని పదవులు. వీలైనన్ని! వీధికొకటి చొప్పున ఉన్నా ఎక్కువ కాదు.

ఈ సంగతి రుజువు చెయ్యడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. పలాసలో దిగి తూర్పుగా, జీడితోటలూ కొబ్బరితోటలూ దాటుకుని వెళ్తే, సముద్రం హోరు వినబడీ వినబడనట్టు ఉండే చోట రేవుమెట్ట అనే ఊరు వస్తుంది. ఆ ఊరి బాప్టిస్టు సంఘానికి సత్యవేదం మాస్టారు మూడేళ్ళు అధ్యక్షుడు. 2003 మే నుంచి 2006 మే దాకా. ఆ మూడేళ్ళలో ఆయన చెప్పుకోదగ్గ పని ఒక్కటే చేశాడు. ఒక కాగితం మీద సంతకం పెట్టలేదు.

ఇదొక పనా అంటారేమో. రాష్ట్రపతి గురించి చదవని వాళ్ళే ఆ మాట అంటారు. సత్యవేదం చదివాడు. చదవడమే కాదు, హైస్కూల్లో ఇరవై ఆరేళ్ళుగా పదో తరగతి పిల్లలకి సాంఘిక శాస్త్రం చెపుతున్నాడు. రాష్ట్రపతి పాఠం వచ్చిన వారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. ఆ వారం ఎవరినీ బెంచీ ఎక్కించేవాడు కాదు.

కథ 1997లో మొదలయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళయిందని ఊరూరా జెండాలు కట్టిన ఏడాది అది. రేవుమెట్ట సంఘానికి మాత్రం అప్పటికి పందొమ్మిదేళ్ళుగా ఒకే అధ్యక్షుడు, ఒక కొబ్బరి వ్యాపారి. చర్చి తాళం ఆయన మొలతాటికి ఉండేది. పాస్టరు గారు ఏ వాక్యం మీద మాట్లాడాలో కూడా ఆయనే చెప్పేవాడు. ఇలా కాదు, సంఘానికి నియమావళి ఉండాలి అన్నాడు సత్యవేదం. ఆయన అప్పుడు కార్యదర్శి. సరే నువ్వే రాయి అన్నారు.

ఆయన వేసవి సెలవులన్నీ కూర్చుని రాశాడు. ఎదురుగా పదో తరగతి పుస్తకం తెరిచి పెట్టుకున్నాడు. రాష్ట్రపతి అన్నచోట సంఘాధ్యక్షుడు అని, మంత్రిమండలి అన్నచోట కమిటీ అని, పార్లమెంటు అన్నచోట సర్వసభ్య సమావేశం అని మార్చుకుంటూ వెళ్ళాడు. అధ్యక్షుడు సమస్తమూ చేస్తాడు, కమిటీ సలహా మీద. సమావేశంలో ప్రసంగిస్తాడు, కార్యదర్శి రాసిచ్చింది. తీర్మానం నచ్చకపోతే ఒకసారి వెనక్కి పంపుతాడు, రెండోసారి వస్తే సంతకం పెట్టి తీరతాడు. క్షమాభిక్ష కూడా పెడతాడు, కమిటీ పెట్టమంటే. పుస్తకాన్ని ఆయన ఒక్కచోట మాత్రం దాటాడు. రాష్ట్రపతి మళ్ళీ ఎన్నిక కావచ్చు, సంఘాధ్యక్షుడు కాకూడదు. అది కొబ్బరి వ్యాపారి కోసం ప్రత్యేకంగా రాసింది.

కాపీ కొట్టేటప్పుడు ఏ మంచి విద్యార్థి అయినా ఒక తప్పు చేస్తాడు. సంఘాధ్యక్షుడు త్రివిధ దళాలకు సర్వసేనాధిపతి అన్న వాక్యం అలాగే ఉండిపోయింది. సమావేశంలో చదివినప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆ మూడు దళాలూ ఏవన్నదాని మీద అరగంట చర్చ జరిగింది. చివరికి యువజన సంఘం, స్త్రీల సమాజం, సండే స్కూలు అని తేల్చారు. ఇప్పటికీ అలాగే ఉంది.

ఇక పద్నాలుగో నియమం. దీనికి పుస్తకంతో సంబంధం లేదు. ఇది పూర్తిగా సత్యవేదం సొంతం.

బడిపంతులు ఎక్కడికి వెళ్ళినా హాజరు పిలవకుండా ఉండలేడు. ప్రతి ఆదివారం ఆరాధనకి ముందు కార్యదర్శి సభ్యుల పేర్లు పిలవాలి. పిలిచినవాళ్ళు హాజరు అనాలి. జబ్బు, ప్రయాణం తప్ప మరే కారణంతోనైనా వరుసగా ఇరవై ఆరు ఆదివారాలు రానివాళ్ళ పేరు రిజిస్టరులోంచి కొట్టేయాలి. పేరు లేనివాళ్ళకి ప్రభువు బల్లలో, అంటే చర్చిలో రొట్టే ద్రాక్షరసం పంచేటప్పుడు, చోటు లేదు. సరుగుడు తోపు పక్కనున్న సమాధుల తోటలో కూడా లేదు.

కార్యదర్శిగా ఉన్న ఆరేళ్ళలో ఆయన పదకొండు పేర్లు కొట్టేశాడు. స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో. వాళ్ళలో కూర్మయ్య అనే ముసలాయన ప్రతి ఆదివారం వచ్చేవాడేనని, చెవుడు వల్ల పలకలేదంతేనని కొట్టేశాక తెలిసింది. సత్యవేదం ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. పేరు మాత్రం మళ్ళీ రాయలేదు. రిజిస్టరులో దిద్దుబాటు పనికిరాదని ఆయనే రాశాడు, పదిహేనో నియమంలో.

2003 మేలో ఎన్నికలు వచ్చాయి. పాస్టరు గారు అందరినీ కళ్ళు మూసుకోమని ప్రార్థన చేసి, అధ్యక్షుడిగా ఎవరి పేరైనా చెప్పండి అన్నారు. వెనక చాపల మీంచి ఒక ఆడ గొంతు సత్యవేదం మాట్టారు అంది. ఆయన కళ్ళు తెరిచేసరికి హాలంతా చేతులు. చెవిటి కూర్మయ్య కిటికీ బయట నిలబడి, ఓటు లేకపోయినా, రెండు చేతులూ ఎత్తాడు. సత్యవేదానికి కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇంతకాలం కఠినంగా ఉన్నాననుకున్నాడు గాని, జనం తన నిజాయితీని లోలోపల ఇంతగా ప్రేమిస్తున్నారని ఆయనకి తెలియదు. ఇచ్చిన చోటల్లా సంతకాలు పెట్టేశాడు.

ఆయన భార్య విమలకుమారి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఇంటికొచ్చాక దండ తీసి మేకుకి తగిలిస్తూ అంది.

"నిన్నటిదాకా మీ పేరు చెపితే మొహం చిట్లించుకునీవోళ్ళు. ఈ రోజు ఇన్ని చప్పట్లేటండీ? నాకెందుకో అనుమానంగానే ఉంది."

గొప్పవాళ్ళ ఇళ్ళలో ఈ అపనమ్మకం మామూలేనని ఆయన సర్దిచెప్పుకున్నాడు.

అధ్యక్ష పదవిలోని సుఖం మెల్లిగా తెలిసివచ్చింది. ఎవరూ తిట్టరు. అందరూ లేచి నిలబడతారు. చర్చిలో ఆయనకొక కుర్చీ వేశారు, చేతులున్నది. కమిటీ ఏం నిర్ణయిస్తే అది ఆయన నిర్ణయమే. కమిటీ తప్పు చేస్తే మాత్రం అది కమిటీ తప్పు. మనసుకి ఇంతకంటే విశ్రాంతి ఏ మతంలో ఉంది?

కొత్త కార్యదర్శి ప్రదీప్ కుమార్. నలభై ఏళ్ళవాడు, మంచి గొంతు, క్రిస్మస్ పాటలకి అతనే ముందు. పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఫ్యాక్టరీకి ఆదివారం సెలవు లేదు. పొద్దున్న ఆరింటికి ప్రదీప్ కుమార్ అక్కడుండేవాడు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు వరుసగా పీటల మీద కూర్చుంటే పేర్లు పిలిచేవాడు. తొమ్మిదిన్నరకి మోటారు సైకిలెక్కి, పదింటికల్లా చర్చికొచ్చి, ఇక్కడ పేర్లు పిలిచేవాడు. రెండు రిజిస్టర్లూ ఒకే సంచిలో ఉండేవి. పెన్ను కూడా ఒకటే.

అందుచేత ఒక విచిత్రం జరిగేది. సూరమ్మ అనే ఆవిడకి ఆరింటికి అతనే హాజరు వేసేవాడు. పదింటికి అతనే గైర్హాజరు వేసేవాడు.

ఇందులో అబద్ధం ఎక్కడైనా ఉందా? లేదు. రెండూ నిజమే. రెండు రిజిస్టర్లనీ తప్పు లేకుండా రాసే మనిషి దొరకడం ఈ రోజుల్లో కష్టం.

సూరమ్మకి అరవై ఉంటాయి. ముప్పై ఏళ్ళుగా పిక్కలు కొడుతోంది. జీడిపిక్క పెంకులో ఉండే నూనె చేతుల్ని కాలుస్తుంది. బూడిద రాసుకుని కూర్చున్నా వేళ్ళు నల్లబడి, చర్మం ఊడి, మళ్ళీ వచ్చి, మళ్ళీ ఊడుతుంది. ఆవిడ భర్త పెంటయ్య సమాధుల తోటలో సరుగుడు చెట్ల వైపు వరసలో ఉన్నాడు. అతని ఎడమ పక్క చోటులో ఆవిడ బిళ్ళగన్నేరు మొక్క నాటింది. అక్కడ మరెవరినీ పెట్టకుండా. ఫ్యాక్టరీలో ఉన్న మిగతా సంఘస్థులు వంతులేసుకుని, వారం మార్చి వారం చర్చికి వచ్చేవారు. సూరమ్మకి వంతు అడగడం చేతకాలేదు. అంతకుముందు ఎప్పుడో ఒక ఆదివారం దొరికేది గాని, 2005లో ఒక్కటీ దొరకలేదు. ఇరవై ఆరు ఆదివారాలు అయిపోయాయి.

2005 సెప్టెంబరులో కమిటీ తీర్మానం చేసింది. సూరమ్మ పేరు కొట్టివేయవలెను. అధ్యక్షుల వారి సంతకం నిమిత్తం.

సత్యవేదం దాన్ని మూడుసార్లు చదివాడు. కార్యదర్శిగా ఉన్నప్పుడు ఇలాంటివి పదకొండు ఆయనే రాశాడు. అప్పుడు కాగితం ఆయన చేతిలోంచి పైకి పోయేది. ఇప్పుడు కింది నుంచి పైకొచ్చింది. పైన కూర్చున్నవాడికి అక్షరాల వెనక మనిషి కనపడుతుందని పుస్తకంలో ఎక్కడా రాయలేదు. ఆయన రెండు పేజీల నోటు రాసి, పునఃపరిశీలన నిమిత్తం వెనక్కి పంపాడు. కమిటీ నాలుగు నిమిషాల్లో పునఃపరిశీలించింది. అందులో మూడు నిమిషాలు ప్రార్థన. తీర్మానం కామా కూడా మారకుండా తిరిగి వచ్చింది.

ఇక సంతకం పెట్టి తీరాలి.

అప్పుడాయన పుస్తకం తెరిచాడు. పెట్టి తీరాలని ఉంది. ఎప్పట్లోగా? అది లేదు! పుస్తకంలోనూ లేదు, నియమావళిలోనూ లేదు. రాష్ట్రపతికి గడువు లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ పాఠం చెపుతున్నాడు గాని, అందులో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉందని ఆయన గమనించలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

రెండు రోజులకి సూరమ్మ ఆయన ఇంటి అరుగు దగ్గరికొచ్చి నిలబడింది.

"నా పేరు కొట్టీసినారట గదా మాట్టారూ."

"కొట్టేయలేదు. పెండింగులో ఉంది."

"పెండింగంటే ఏటి బాబూ?"

సత్యవేదం జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఇందులో ఉంది."

ఆవిడ ఆ జేబుకేసి చూసింది.

"సొక్కా ఉతికినప్పుడు తీసి పెట్టమనండి అమ్మగారిని," అంది.

క్షమాభిక్ష కోరుతూ అర్జీ పెట్టుకోమని ఆయన సలహా ఇచ్చాడు. పెట్టింది. అర్జీ నియమం ప్రకారం కమిటీ సలహాకి, అంటే ప్రదీప్ కుమార్ దగ్గరికి వెళ్ళి, తిరస్కరించవలెను అన్న సలహాతో తిరిగొచ్చింది. అది కూడా జేబులోకి వెళ్ళింది. ఆదివారాలు ఎందుకు రాలేకపోతున్నావని ఆయన ఆవిణ్ణి అడిగాడు, ఫైలు పూర్తిగా ఉండాలి కాబట్టి.

"ఆదోరం నానెళ్ళకపోతే సోమోరం నా పీట మీద ఇంకోలు కూసుంతారు బాబూ. రమ్మన్నది ఎవులని మాత్రం నన్నడక్కండి. తమరికీ కట్టం, నాకూ కట్టం."

ఆయన అడగలేదు. రాష్ట్రపతి అడగడు. కట్టం అనే మాట ఆ పూటంతా ఆయన చెవిలో ఉండిపోయింది. ప్రదీప్ కుమార్‌ని ఒక్క ప్రశ్న వేయడానికి నియమావళిలో ఏ నంబరు కిందా తనకి వీలు లేదని ఆయన రుజువు చేసుకున్నాడు. రుజువు చాలా బాగా కుదిరింది. అంత బాగా కుదిరినందుకే కొంచెం అనుమానం వేసింది.

కాగితం జేబులో ఉంటే మనిషికి ఒక కొత్త అవయవం వచ్చినట్టుంటుంది. ప్రార్థనలో తల వంచితే గరగరమనేది. బోర్డు మీద రాస్తుంటే గుండెకి తగిలేది. బజార్లో ప్రదీప్ కుమార్ ఎదురైతే ఇద్దరూ మర్యాదగా నవ్వుకునేవారు. ఇద్దరి కళ్ళూ ఒక్కక్షణం ఆ జేబు మీదికి వెళ్ళి వచ్చేవి. కాగితం గురించి అతను ఒక్కసారీ అడగలేదు. అతనికి తొందర లేదు. మే నెల ఎప్పుడొస్తుందో అతనికీ తెలుసు.

అవును, మే నెల. సూరమ్మ పేరు బతికి ఉండటానికి గడువు సత్యవేదం పదవీకాలం. ఆ తర్వాత వచ్చేవాడి జేబు ఎలాంటిదో ఎవరికి తెలుసు? మళ్ళీ ఎన్నికవుదామంటే కొబ్బరి వ్యాపారి కోసం రాసిన నియమం ఎదురుగా నిలబడింది. పదవి ముగిస్తే తీర్మానం రద్దయిపోతుందేమోనని పుస్తకం చూశాడు. సభ రద్దయినా, రాష్ట్రపతి సంతకం కోసం ఉన్న బిల్లు రద్దు కాదని అందులో స్పష్టంగా ఉంది. అది ముఖ్యమైన ప్రశ్న అని పిల్లల చేత కింద గీత కూడా గీయించాడు, ప్రతి ఏడాదీ.

జనవరిలో సూరమ్మకి కాళ్ళకి నీరు పట్టింది. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఆ ఉద్దానం ప్రాంతంలో ఆ మాట విన్నాక రెండో మాట ఎవరూ అడగరు. శ్రీకాకుళం తీసుకెళ్ళారు, తీసుకొచ్చారు. పీట మీద ఇంకొకరు కూర్చున్నారు. జబ్బు కాబట్టి ఇప్పుడు చర్చికి రాకపోయినా తప్పు లేదు. కాని తీర్మానం జబ్బుకి ముందుది. సత్యవేదం చూడటానికి వెళ్తే ఆవిడ గోడకి చేరగిలబడి ఉంది.

"తమరి పదవి ఎప్పటిదాకా బాబూ?"

"మే ఆఖరి ఆదివారం దాకా."

ఆవిడ నల్లటి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది.

"సరిపోతాది," అంది.

ఆ మాట ఆవిడ ఏడుస్తూ అనలేదు. బస్సు టైము కనుక్కున్నట్టు అంది. సత్యవేదం కూడా ఊరట పడ్డాడు. రోడ్డు మీదికి వచ్చి పది అడుగులు వేశాక, తను దేనికి ఊరట పడ్డాడో అర్థమై ఆగిపోయాడు.

చదువరులు ఇక్కడ ఆయన్ని తొందరపడి తప్పుపట్టకూడదు. ఒక మనిషి మేలు కోరి ఆవిడ చావు త్వరగా రావాలనుకోవడం మామూలు మనసుకి సాధ్యం కాదు. దానికి రాజ్యాంగం తెలిసి ఉండాలి! ఫిబ్రవరి గడిచింది, మార్చి గడిచింది. విమలకుమారి రోజూ ఉప్పు లేని గంజి కాచి, మెత్తగా ఉడికిన అన్నం కలిపి పట్టుకెళ్ళి, సూరమ్మ చేత దగ్గరుండి తాగించి వచ్చేది. భార్య ఆ మనిషిని బతికించడానికి గంజి కాస్తుంటే, భర్త పక్క గదిలో క్యాలెండరు చూస్తుండేవాడు. ఇవాళ ఎలా ఉంది అని అడిగేవాడు. కాస్త నయం అని విమలకుమారి అంటే, దేవునికి స్తోత్రం అనేవాడు. ఆ రెండు మాటల మధ్య ఉండే ఖాళీని ఆమె గమనిస్తోందని ఆయనకి తెలుసు.

ఏప్రిల్లో సూరమ్మ కాళ్ళ వాపు తగ్గింది. మే మూడో వారంలో సత్యవేదం వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆయన్ని చూసి సిగ్గుపడింది.

"తప్పయిపోనాది మాట్టారూ. ఒల్లు తేలికపడిపోనాది."

"అందులో తప్పేముంది," అన్నాడాయన. తన గొంతు తనకే నచ్చలేదు.

"బుదోరం నుంచీ పన్లోకి ఎల్తన్నాను. ఆదోరాలు కూడా వొత్తానంటేనే పీట ఇత్తామన్నారు."

ఎవరన్నారని ఆయన అడగలేదు. ఈసారి అడగకపోవడానికి నియమావళి గుర్తు తెచ్చుకోవలసిన అవసరం కూడా కలగలేదు. అలవాటైపోయింది.

మే ఆఖరి ఆదివారం వచ్చింది. ఎన్నికల రోజు. పదవి దిగిపోతున్న అధ్యక్షుడి వీడ్కోలు ప్రసంగం ప్రదీప్ కుమార్ టైపు చేయించి ఇచ్చాడు. నా కమిటీ ఈ మూడేళ్ళలో చర్చికి సున్నాలు వేయించినది. నా కమిటీ ప్రహరీ గోడ కట్టించినది. ఆదివారమును పరిశుద్ధముగా ఆచరించుటలో మన సంఘము జిల్లాకే ఆదర్శము. సత్యవేదం ఆఖరి వాక్యం దగ్గర ఆగాడు. హాలంతా ఆయనకేసి చూసింది. జేబులో కాగితం ఒకసారి కదిలింది. ఆయన ఆ వాక్యం కూడా చదివేశాడు. రాసిచ్చినదాన్ని రాష్ట్రపతి చదవాలి. దిద్దకూడదు.

తర్వాత హాజరు.

ప్రదీప్ కుమార్ తల వంచుకుని వేగంగా పిలుస్తున్నాడు. సూరమ్మ పేరు వచ్చేసరికి, ఎప్పటి అలవాటు కొద్దీ, పిలుస్తూనే గైర్హాజరు గుర్తు పెట్టబోయాడు.

"హాజరు బాబూ."

తలెత్తాడు. వెనక చాప మీద, స్తంభానికి ఆనుకుని, ఉతికిన చీరలో సూరమ్మ కూర్చుని ఉంది. పక్కింటివాళ్ళ రిక్షాలో వచ్చింది. అప్పుడు ప్రదీప్ కుమార్ నోటి నుంచి ఒక మాట వచ్చింది. చర్చిలో పాట పాడే గొంతుతో కాదు, పొద్దున్న ఆరింటి గొంతుతో.

"నువ్వు ఈయాల డూటీకి రానేదేటి?"

ఎక్కడో ఒక పసిపిల్ల గాజులు చప్పుడు చేసి ఊరుకుంది.

మనిషి మనసులో రెండు గదులుంటాయి. తలుపు మూసి ఉన్నంతవరకు ఏ గదిలో మనిషి ఆ గదిలో నీతిగానే ఉంటాడు. రెండు రిజిస్టర్లూ ఒకే సంచిలో ఏళ్ళ తరబడి పక్కపక్కనే ఉన్నాయి గాని ఎప్పుడూ ఒకదాన్నొకటి చదువుకోలేదు. ఇప్పుడు చదువుకున్నాయి. ప్రదీప్ కుమార్ తను అన్నమాట తనే వింటూ నిలబడ్డాడు. ఆ సంగతి హాల్లో తెలియనివాళ్ళెవరూ లేరు. కాని తెలిసి ఉండటం వేరు, మైకులో వినపడటం వేరు.

సూరమ్మ మాత్రం ఫ్యాక్టరీలో సంజాయిషీ చెప్పినట్టే చెప్పింది.

"ఈయాల ఎలచ్చన్లు గదా బాబూ. అందుకే రానేదు."

అతను హాజరు గుర్తు పెట్టాడు. మిగతా పేర్లు పిలిచాడు.

పాస్టరు గారు గబగబా ప్రార్థన చేసి, అధ్యక్షుడిగా ఎవరి పేరైనా చెప్పండి అన్నారు. సత్యవేదం ఈసారి కళ్ళు మూసుకోలేదు. ప్రదీప్ కుమార్ కార్యదర్శిగా కొనసాగుతాడని, అధ్యక్షుడిగా ఎవరో ఒక పెద్దమనిషి వస్తాడని అందరూ అనుకుంటున్నదే. వెనక చాపల మీద సూరమ్మ స్తంభం పట్టుకుని లేచింది. పేరు ఇంకా రిజిస్టరులో ఉంది కాబట్టి ఆవిడకి ఆ హక్కుంది.

"మా సూపరవైజరు బాబుని పెసిడెంటు సేద్దుము," అంది.

ముందు పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు లేచాయి. నల్లటి చేతులు, వరుసగా, ఒకదాని వెనక ఒకటి. తర్వాత మగవాళ్ళ వైపు. తర్వాత కమిటీ. కిటికీ బయట కూర్మయ్య. ఎవరి మొహంలోనూ కోపం లేదు, నవ్వూ లేదు. ప్రదీప్ కుమార్ ఏదో చెప్పబోయాడు. ఎన్నిక దేవుని చిత్తం, కాదనకూడదు అని నియమావళిలో ఉంది. దండ మెడలో పడింది. ఒక మనిషికి రెండు పదవులు కూడదు కాబట్టి కార్యదర్శి స్థానం ఖాళీ అయింది. చాపల మీంచే ఇంకో గొంతు విమలకుమారి పేరు చెప్పింది. హాజరు రిజిస్టరు, పెన్నుతో సహా, ఆమె ఒళ్ళోకి వెళ్ళింది.

చేతులున్న కుర్చీలో కూర్చున్న ప్రదీప్ కుమార్‌కి కళ్ళు చెమర్చాయి. జనం తనని క్షమించారనీ, లోలోపల తనని ఇంతగా ప్రేమిస్తున్నారనీ అనుకున్నాడేమో. ఆ కన్నీళ్ళని సత్యవేదం ఎక్కడో చూసినట్టనిపించింది. ఎక్కడన్నది వెంటనే తట్టలేదు.

బాధ్యతలు అప్పగించేటప్పుడు ఆయన సీలు ఇచ్చాడు, తాళం ఇచ్చాడు. జేబులోంచి ఆ కాగితం తీసి ఇచ్చాడు. ఎనిమిది నెలల చెమటకి మడతల దగ్గర చిరుగులు పట్టింది.

"దీని మీద సంతకం పెట్టాలి. ఎప్పట్లోగా అన్నది లేదు," అన్నాడు.

ప్రదీప్ కుమార్ కాగితాన్ని చూశాడు. చాపలకేసి చూశాడు. ఆడవాళ్ళు చాపలు చుట్టుకోవడం మానేసి ఇటే చూస్తున్నారు. అతను కాగితాన్ని జేబులో వేసుకున్నాడు.

ఆ ఆగస్టులో, వానల్లో, సూరమ్మ పోయింది. పేరు రిజిస్టరులోనే ఉంది. పెంటయ్యకి ఎడమ పక్కన, బిళ్ళగన్నేరు కాస్త జరిపి పెట్టారు. ప్రార్థనకి ముందు అధ్యక్షుడు ప్రదీప్ కుమార్, నియమం ప్రకారం, కార్యదర్శి రాసిచ్చిన సంతాప వాక్యాలు చదివాడు. ఆవిడ ఆదివారాలు ఎక్కడ గడిపిందో విమలకుమారి ఒక్క వాక్యంలో రాసింది. అతను దిద్దకుండా చదివాడు.

మర్నాడు మరణం నమోదు చేయడానికి విమలకుమారి పాత మినిట్స్ పుస్తకాలు దింపించింది. సూరమ్మ సంఘంలో చేరిన తేదీ కోసం సత్యవేదం పేజీలు తిప్పుతుంటే 2003 మే నెల పేజీ వచ్చింది. అధ్యక్షుడిగా ఎన్నికైనవారు అన్నచోట ఆయన సంతకమే ఉంది. సంతోషంలో పెట్టింది, కొంచెం వంకరగా. దాని పైన, ప్రతిపాదించినవారు అన్నచోట ఒక వేలిముద్ర ఉంది. మామూలు వేలిముద్రల్లో గీతలుంటాయి. దీనిలో లేవు. ముప్పై ఏళ్ళ జీడినూనె తినేయగా మిగిలిన వేలు అది. నున్నటి నల్లమచ్చ. పక్కన ప్రదీప్ కుమార్ దస్తూరీతో పేరు. సూరమ్మ.

ఆయన ఆ పేజీ తిప్పలేదు. ఎర్రసిరా, స్కేలు, పదకొండు పేర్లు. ఆ తర్వాత దండ, చేతులున్న కుర్చీ, చప్పట్లు.

"ఏటి చూస్తున్నారు?" అంది విమలకుమారి.

"ఏం లేదు."

ఆమె వంగి పేజీ చూసింది. ఆశ్చర్యపడలేదు.

"మీకిప్పుడా తెలిసింది?" అని, పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది.

కాబట్టి చెప్పవచ్చేదేమిటంటే, అధికారం లేని పదవులు దేశానికి ఎంతో అవసరం. ఈ విషయంలో మొదట చెప్పినదాన్ని ఒక్క అక్షరం కూడా మార్చుకోనక్కర్లేదు. చదువరుల్లో కూడా చాలామంది ఎక్కడో ఒకచోట అధ్యక్షులై ఉంటారు. యూనియన్‌కో, కాలనీకో, ఉత్సవ కమిటీకో. ఏకగ్రీవంగానే ఎన్నికై ఉంటారు. దండ పడినప్పుడు కళ్ళు చెమర్చే ఉంటాయి. ఆ కన్నీళ్ళు పదిలంగా ఉంచుకోండి. మినిట్స్ పుస్తకం మాత్రం ఎన్నడూ తెరవకండి. మీ పేరు ఎవరు చెప్పారో చూడకండి.

ముఖ్యంగా, అంతకుముందు మీరేం పని చేస్తుండేవారో గుర్తు తెచ్చుకోకండి.